శాసనం, రోగి, నీళ్ల సీసా: పరిశోధన పద్ధతుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీ అయిపోయి పీహెచ్‌డీ వైపు చూస్తున్నవాళ్లు, సర్వే కోసం ఇంటికొచ్చినవాళ్లకు ఏం జవాబు చెప్పాలో తెలియనివాళ్లు, పేపర్లో "పరిశోధనలో తేలింది" అని చదివి నమ్మాలా వద్దా అనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణల్లో నల్గొండ ఫ్లోరైడ్ పదేపదే వస్తుంది. రసాయనశాస్త్రం, వైద్యం, చరిత్ర మూడూ తలోవైపు నుంచి పట్టుకోవాల్సిన సమస్య అది.

చరిత్ర, వైద్యం, రసాయనశాస్త్రం ఒకదానికొకటి పోలికే లేనివి కదా. అన్నిటినీ పరిశోధన అనే ఎందుకంటారు?

ఒక ప్రశ్న ఉండాలి. దానికి ఆధారం చూపాలి. ఆ ఆధారాన్ని ఇంకొకరు వచ్చి సరిచూసుకునే వీలుండాలి. ఇంతవరకు అన్నిటికీ ఒకటే, ఆధారం దగ్గరే దారులు చీలతాయి. నీళ్లయితే అదే బోరు దగ్గర మళ్లీ పట్టి మళ్లీ కొలవొచ్చు. మనిషికి అదే జబ్బు రెండోసారి తెప్పించి ఇంకో మందు ఇచ్చి చూడలేం కాబట్టి, వైద్యంలో చాలామందిని రెండు జట్లు చేసి పోలుస్తారు. చరిత్రలో జరిగింది ఒక్కసారే. మిగిలింది ఒక రాయి, ఒక తాటాకు, ఒక ముసలావిడ జ్ఞాపకం.

కాబట్టి తప్పులు దూరే కంత కూడా వేరు. ల్యాబ్‌లో పరికరం తప్పు చెబుతుంది. ఆసుపత్రిలో జట్లు చేసేటప్పుడే పక్షపాతం దూరుతుంది. చరిత్రలో నకలు రాసినవాడి చెయ్యి జారుతుంది, లేదా అడిగినవాడే జవాబు అందిస్తాడు. ఎదుటి శాస్త్రం "సైంటిఫిక్ కాదు" అనేవాళ్లు తరచుగా దాని కంత ఎక్కడుందో తెలియక అంటుంటారు.

ముందు పద్ధతి ఎంచుకోవాలా, ప్రశ్న ఎంచుకోవాలా?

ప్రశ్న. "సర్వే చేస్తాను సార్, టాపిక్ ఇవ్వండి" అనడం చెప్పులు కొన్నాక కాలు వెతుక్కోవడమే. "నల్గొండలో ఫ్లోరైడ్" అన్నది టాపిక్, ప్రశ్న కాదు. "ఈ మండలంలోని బోర్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినవి ఎన్ని?" అన్నది ప్రశ్న, నీళ్ల సీసాలు కావాలి. "పన్నెండేళ్ల పిల్లల్లో ఎందరి పళ్లకు మచ్చలున్నాయి?" అంటే బడికి వెళ్లి పళ్లు చూడాలి. "ఊళ్లో ఎవరు ఏ బావి నీళ్లు తాగారు, ఎవరిని ఏ బావి దగ్గరికి రానివ్వలేదు?" అంటే కూర్చుని పెద్దవాళ్ల మాట వినాలి. పద్ధతి ప్రశ్నలోంచే వస్తుంది.

ఈ ఫ్లోరైడ్ పరిశోధన ఎప్పటిది?

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును) తొలిసారి గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. ఆ పల్లెలు తర్వాత ఏర్పడిన ప్రకాశం జిల్లా వైపువి. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకుల గురించి రాశారు. ఒక్క ఫ్లోరైడ్ వల్లే అయితే మిగతా ఫ్లోరోసిస్ ప్రాంతాల్లోనూ అలాగే వంగాలి కదా, మరి ఇక్కడే ఎందుకు? జొన్నలో ఉండే మాలిబ్డినం అనే లోహం పాత్ర ఉందా అన్న చర్చ అలా మొదలైంది. వైద్యుడి ప్రశ్న నేల దగ్గరికి, పంట దగ్గరికి వెళ్లింది. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందిస్తే, దానికి నల్గొండ పేరే పెట్టారు.

నీళ్లలో ఫ్లోరైడ్ కొలవడం అంత కష్టమా? కిట్‌తో రంగు చూస్తే చాలదా?

కిట్ మొదటి వడపోతకు సరిపోతుంది. పరిశోధన పేపర్‌లో రాసే అంకెకు చాలదు. ఎలక్ట్రోడ్ (నీళ్లలో ముంచితే ఫ్లోరైడ్‌ను బట్టి మిల్లీవోల్టుల్లో రీడింగ్ ఇచ్చే కడ్డీ) పద్ధతి అంచెలంచెలుగా ఇదీ.

బోరు మోటారు వేసి కనీసం ఐదు నుంచి పది నిమిషాలు నీళ్లు పోనివ్వండి. పైపులో నిలిచిన నీళ్లు కొలిస్తే అది పైపు సంగతి, భూమి సంగతి కాదు. ప్లాస్టిక్ సీసానే వాడాలి, ఎందుకంటే ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. అవే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి, అర లీటరు పట్టండి. ఊరు, బోరు లోతు, తేదీ, టైము సీసా మీదే రాయండి. మూత మీద రాస్తే ల్యాబ్‌లో మూతలు మారిపోతాయి, వారం కష్టం పోతుంది. లోహాల పరీక్షకు కలిపినట్టు దీనికి ఆసిడ్ కలపకూడదు. ఇలా పట్టిన నీళ్లను 28 రోజుల్లోపు కొలవొచ్చు.

ల్యాబ్‌లో శాంపిల్ ఎంతుంటే టిసాబ్ అనే బఫర్ ద్రావణం అంతే కలుపుతారు. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలుపుతుంది. ముందు తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డులతో ఎలక్ట్రోడ్‌ను సరిచూడాలి. గాఢత పదిరెట్లు మారితే 25 డిగ్రీల దగ్గర రీడింగ్ సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. 54 కంటే తక్కువ వస్తే ఆ రోజు కొలవకండి, ఎలక్ట్రోడ్ శుభ్రం చేయండి. స్టాండర్డులు ఏసీ గదిలో, శాంపిళ్లు అప్పుడే ఎండలోంచి వచ్చినవి అయితే అంకెలు తప్పుతాయి. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. గాఢత తక్కువ ఉన్నవాటిని ముందు కొలవండి, వాటికి రీడింగ్ కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తొందరపడొద్దు. ప్రతి పది శాంపిళ్లకు ఒకటి మళ్లీ కొలవండి.

ఇక అసలు ఉచ్చు. పటికతో శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలి ఉండొచ్చు. అది ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది, ఎలక్ట్రోడ్‌కు విడి ఫ్లోరైడ్ మాత్రమే కనబడుతుంది. ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంటుంది, అంకె మాత్రం తక్కువ వస్తుంది, ప్లాంటు బ్రహ్మాండంగా పనిచేస్తోందని రిపోర్టు తయారవుతుంది. సీడీటీఏ అనే రసాయనం ఉన్న టిసాబ్ ఆ పట్టు విడదీస్తుంది. బఫర్ సీసా మీద ఆ మాట ఉందో లేదో చూడకుండా కొన్నవాళ్ల రిపోర్టులను అనుమానంగానే చదవాలి.

తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతి.

అదే ఊళ్లో వైద్య పరిశోధకుడు ఏం చూస్తాడు?

పళ్లు. పాల పళ్లు ఊడాక వచ్చే పళ్ల పైపొర, జ్ఞానదంతాలు తప్ప, దాదాపు ఎనిమిదేళ్ల వయసులోపే తయారైపోతుంది. మచ్చ పడితే అప్పుడే పడాలి. అంటే నలభై ఏళ్ల మనిషి పళ్లు చెప్పేది ఇవాళ్టి కుళాయి గురించి కాదు, ఆయన చిన్నప్పటి బావి గురించి.

చాలా సర్వేలు బోల్తా పడేది ఇక్కడే. ఊళ్లో పెళ్లైన ఆడవాళ్ల పళ్లు చూసి ఈ ఊరి నీళ్లకు ముడిపెడతారు. కోడళ్లలో చాలామంది పొరుగూరి నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పళ్ల మీదున్నది పుట్టింటి నీళ్లు. "ఎనిమిదేళ్లు వచ్చేవరకు ఏ ఊళ్లో ఉన్నారు?" అన్న ఒక్క గడి ఫారంలో లేకపోతే మొత్తం పట్టిక పనికిరాదు. బడిపిల్లలను ఎంచుకోవడానికి కారణం ఇదే, అయినా హాస్టల్ పిల్లలను విడిగా గుర్తించాలి.

మచ్చకు డీన్ సూచిక వాడతారు. మామూలు నుంచి తీవ్రం దాకా ఆరు మెట్లు. పగటి వెలుతురులో చూసి, ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లను బట్టి మెట్టు వేస్తారు. ఆ రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్నదాని మెట్టే రాస్తారు. గుట్కా మరకను, చిగురు దగ్గర పుచ్చు మొదలైనప్పటి తెల్లమచ్చను ఫ్లోరైడ్ మచ్చగా రాయడం మామూలు పొరపాటు. ఫ్లోరైడ్ మచ్చ సాధారణంగా కుడి ఎడమల్లో జంటగా ఉంటుంది.

ఇద్దరు డాక్టర్లు చూసి నూటికి 80 సార్లు ఒకే మాట చెప్పారు. సరిపోతుందా?

లెక్క వేస్తేగానీ తెలీదు. ఇద్దరూ వందమందిలో ఎనభై మందికి "మచ్చ ఉంది" అనే రకమే అనుకోండి. కళ్లు మూసుకుని రాసినా ఇద్దరి మాటా కలిసే అవకాశం: ఇద్దరూ "ఉంది" అనేది 0.8 × 0.8 = 0.64, ఇద్దరూ "లేదు" అనేది 0.2 × 0.2 = 0.04, మొత్తం 0.68. అంటే 68 శాతం ఊరికే కలుస్తుంది. పైన సాధించింది 12, సాధించగలిగింది 32. 12ను 32తో భాగిస్తే 0.375. దీన్నే కప్పా అంటారు. 0.375 అంటే గొప్ప ఏకాభిప్రాయం కాదు. ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టి ఫొటోలతో శిక్షణ ఇచ్చాకే ఊళ్లోకి పంపాలి.

ఇందులో చరిత్రకారుడికి ఏం పని?

పైన కోడళ్ల సంగతి చూశారు కదా. ఎవరు, ఎప్పుడు, ఏ నీళ్లు అన్నది కొలిచే పరికరం లేదు. అడిగి తెలుసుకోవాల్సిందే, అడగడానికీ ఒక పద్ధతి ఉంది.

"1965లో ఏ నీళ్లు తాగేవారు?" అంటే జవాబు రాదు, వచ్చినా మీ కోసం అల్లింది వస్తుంది. మనుషులు సంవత్సరాలను గుర్తుపెట్టుకోరు, ఘటనలను గుర్తుపెట్టుకుంటారు. నల్గొండలో బాగా పెద్దవాళ్లకు పోలీస్ యాక్షన్ గుర్తు, అది 1948 సెప్టెంబరు. కృష్ణా జిల్లా తీరంలో అయితే దివిసీమ ఉప్పెన, 1977 నవంబరు 19. ఇంకా దగ్గరి గుర్తు వాళ్ల పెళ్లి, పెద్దకొడుకు పుట్టుక. "అవ్వా, నువ్వు కాపురానికొచ్చిన కొత్తల మంచినీళ్లు ఏ బాయి నుంచి తెచ్చెటోళ్లు?" అని అడిగితే బావి పేరు, దారి, ఎవరు ఎవరి తర్వాత తోడేవారో కూడా వస్తుంది. "ఆ బావి నీళ్లు చెడ్డవి కదా?" అని అడిగారంటే అక్కడితో ఆ ఇంటర్వ్యూ అయిపోయినట్టే. జవాబు మీరే చెప్పేశారు.

రికార్డింగ్‌ను వేవ్ ఫైలుగా ఉంచుకోండి, ఫ్యాన్ ఆపండి. గంట రికార్డింగును మాట పొల్లుపోకుండా రాతలో పెట్టడానికి ఐదారు గంటలు తక్కువ కాదు. ఇరవై ఇంటర్వ్యూలని ప్లాను వేసేవాళ్లు ఈ లెక్క మరిచిపోతారు. యాసను దిద్దకండి. "బాయి"ని "బావి" చేస్తే భాషాశాస్త్రం వాళ్లకు మీ రికార్డు పనికిరాదు.

రాతి శాసనం వయసు కార్బన్ పరీక్షతో తేల్చలేరా?

లేరు. కార్బన్-14 ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికే: బొగ్గు, ఎముక, గింజ, తాటాకు. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు, సుమారు 50 వేల ఏళ్ల దాకా పనికొస్తుంది. ఇక రాయి ఎప్పుడు పుట్టిందో ఏ పద్ధతిలో తేల్చినా, అక్షరం ఎప్పుడు చెక్కారో అది చెప్పదు. బొగ్గు విషయంలోనూ ఒక చిక్కుంది. నూరేళ్ల చెట్టు నడిమి చేవను కాలిస్తే వచ్చే వయసు చెట్టుది, పొయ్యిది కాదు. అందుకే పొయ్యిలో మాడిన గింజ దొరికితే పరిశోధకులకు పండగ.

శాసనం కాలాన్ని అందులో రాసిన తేదీని బట్టి, అది లేకపోతే రాజు పేరును, లిపిని బట్టి నిర్ణయిస్తారు. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల శాసనాన్ని సా.శ. 575 ప్రాంతానిది అనడం లిపి ఆధారంగా చేసిన నిర్ణయం. దాన్ని తారీఖులా వల్లె వేయడం కంటే "ఆ ప్రాంతం" అనడం న్యాయం.

తేదీ ఉన్నా పని తేలిక కాదు. సా.శ.లోకి మార్చాలంటే శక సంవత్సరానికి 78 కలపాలి, జనవరి నుంచి ఫాల్గుణం ముగిసేదాకా అయితే 79. గడిచిన సంవత్సరం రాశారా, నడుస్తున్నదా అన్నదానితో ఇంకో ఏడాది తేడా వస్తుంది. కొన్నిచోట్ల అంకెలకు బదులు మాటలుంటాయి. "బాణ, వేద, ఆకాశ, చంద్ర" అంటే 5, 4, 0, 1. కుడి నుంచి ఎడమకు చదవాలి: శక 1045, అంటే సా.శ. 1123. తెలియనివాడు 5401 అని చదివి తల పట్టుకుంటాడు. ప్రభవ, విభవ అని సంవత్సరం పేరొక్కటే ఉంటే ప్రతి అరవై ఏళ్లకు ఒకటి సరిపోతుంది. వారం, తిథి, గ్రహణం కలిపి చూస్తే తప్ప తేలదు.

శాసనానికి అచ్చు నకలు ఎలా తీస్తారు? ఫొటో చాలదా?

ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో చాలా ఉపయోగం, కానీ అరిగిన అక్షరం కాగితం మీదే బాగా దొరుకుతుంది. రాయిని నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. ఇనుప బ్రష్ ముట్టుకోవద్దు, ఆసిడ్ మాట ఎత్తొద్దు. తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, మధ్య నుంచి అంచులకు గాలి బుడగలు తోసేసి, గట్టి బ్రష్‌తో కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పూర్తిగా ఆరకముందే, కొద్దిగా చెమ్మ ఉండగా, గుడ్డ చుట్టిన మెత్తని దిండుతో నల్ల సిరా అద్దాలి. గుంటల్లోకి సిరా పోదు కాబట్టి నలుపు మీద తెల్లని అక్షరాలు వస్తాయి. కాగితం మరీ తడిగా ఉంటే సిరా పాకి అక్షరం మూసుకుపోతుంది. మరీ ఆరితే కాగితం ఊడి వస్తుంది. గాలి వీచే మధ్యాహ్నం కంటే పొద్దున్నే మేలు. దేశంలో ఈ పనికి పెద్ద కేంద్రం మైసూరులో ఉన్న పురావస్తు సర్వే శాసన విభాగం. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా రాయి మీద చెయ్యి వేయకూడదు.

తాళపత్రాల మీద పని చేయాలంటే?

ముందు లిపి రావాలి, తర్వాత ఓపిక. ఒక పద్యానికి ఐదు ప్రతులు దొరికితే ఐదు పాఠాలుంటాయి. ఎక్కువ ప్రతుల్లో ఉన్నదే సరైన పాఠం అనుకోవడం కొత్తవాళ్ల తప్పు. నాలుగు ప్రతులు ఒకే తప్పు ప్రతిని చూసి రాసినవి అయితే వాటి ఓటు ఒక్కటే. ఒకే తప్పును పంచుకున్న ప్రతులను ఒక కుటుంబంగా కట్టాలి. లేఖకుడి చెయ్యి జారే చోట్లు కూడా పదేపదే అవే: ప, వ తారుమారు, థ, ధ తారుమారు, ఒకే మాటతో ముగిసే రెండు పాదాల మధ్య కన్ను దూకి ఒక పాదం మాయం. తెలుగు పద్యానికి ఒక సౌకర్యం ఉంది. యతి, ప్రాస, గణం చెడితే అక్కడేదో జరిగిందని పద్యమే పట్టిస్తుంది. ఛందస్సు సరిపోయింది కదా అని పరిష్కర్త సొంత మాట దూర్చితే మాత్రం పట్టుకోవడం కష్టం. అందుకే పాఠాంతరాలన్నీ పేజీ అడుగున ఇవ్వాలి.

సర్వేకి ఎంతమంది కావాలి? వందమంది చాలా?

చూడాలనుకున్న తేడాను బట్టి. ఒక జట్టులో 50 శాతం, ఇంకో జట్టులో 40 శాతం మందికి సమస్య ఉందని అంచనా అనుకుందాం. మామూలుగా పెట్టుకునే హద్దులతో (లేని తేడా ఉందనుకునే పొరపాటు 5 శాతం, ఉన్న తేడాను పట్టుకునే శక్తి 80 శాతం) లెక్క ఇలా: 7.84 × (0.25 + 0.24) ÷ 0.01 = సుమారు 384. ఇందులో 7.84 ఆ హద్దుల నుంచి వచ్చే అంకె, 0.25 అంటే 0.5 × 0.5, 0.24 అంటే 0.4 × 0.6, 0.01 అంటే తేడా 0.1 × 0.1. ఇది ఒక్కో జట్టుకు. మధ్యలో 20 శాతం మంది మానేస్తారనుకుంటే 480 మందిని చేర్చుకోవాలి. తేడా 50, 45 శాతాల మధ్యే అయితే ఒక్కో జట్టుకు సుమారు 1,560. తేడా సగమైతే మనుషులు నాలుగు రెట్లవుతారు. వందమందితో ఐదు శాతం తేడా వెతకడం గాలికి వల వేయడమే.

పీ విలువ 0.05 కంటే తక్కువ వస్తే నిరూపించినట్టేనా?

కాదు. నిజంగా తేడా లేకపోయినా, ఇంత తేడా లేదా ఇంతకంటే ఎక్కువ ఊరికే కనబడే అవకాశమే పీ విలువ. నిజంగా ఏ తేడా లేని చోట ఇరవై రకాలుగా పరీక్షలు చేస్తే కనీసం ఒకటి 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కటే అచ్చువేసి మిగతా పందొమ్మిదీ దాచేస్తే, అది లెక్కల తప్పు కాదు, మోసం.

కొత్త మందు ప్రయోగాలు ఎలా నడుస్తాయి?

తొలి దశలో కొన్ని పదుల మంది, ఎక్కువగా ఆరోగ్యవంతులే. మోతాదు, భద్రత చూస్తారు. రెండో దశలో వందల మంది రోగులు. మూడో దశలో వందల నుంచి వేల మంది, పాత చికిత్సతో పోలిక. అమ్మకానికి వచ్చాక నాలుగోది.

జట్లు చీట్లు వేసినట్టు కలగాపులగంగా చేయాలి. సోమవారం వచ్చినవాళ్లకు కొత్త మందు, మంగళవారం వాళ్లకు పాతది అంటే కుదరదు. జబ్బు ముదిరినవాళ్లను ఏ రోజు పంపాలో తెలిసిన డాక్టరు తెలియకుండానే అటు పంపుతాడు. జట్టు పేరున్న కవరు పల్చగా ఉండి వెలుతురుకు పెట్టి చూడగలిగినా అదే గతి.

మందు ఒక్కటే కాదు, చికిత్స చేసే చోటునూ ఇలా పోల్చొచ్చు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం రోగులను రెండు జట్లు చేసి, కొందరికి శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో), కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చింది. ఇంటి చికిత్స దాదాపు అంతే బాగా పనిచేస్తుందని 1959లో ప్రచురించింది. క్షయ రోగిని ఇంట్లోవాళ్లకు దూరంగా నెలల తరబడి ఉంచాలన్న నమ్మకం ఆ పోలికతో కదిలింది.

మన దేశంలో ప్రయోగాన్ని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు కావాలి. ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. కొలుస్తామని ముందు చెప్పినదానికీ, పేపర్‌లో వేసినదానికీ తేడా ఉందేమో చూడటం చదివేవాళ్ల హక్కు.

మా ఊళ్లో పరిశోధన అని రక్తం తీసుకుంటున్నారు. ఏం అడగాలి?

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఇవాళ అలా కుదరదు, పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. మందుల ప్రయోగాలకు ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. డాక్టర్లే కాదు, న్యాయం తెలిసినవాళ్లు, మామూలు పౌరులూ ఉండాలి.

మీరు అడగాల్సినవి: సమాచార పత్రం తెలుగులో ఉందా, ఒక కాపీ ఇస్తారా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, కమిటీ ఫోన్ నంబరు ఏది? రక్తం ఎన్ని మిల్లీలీటర్లు? మిగిలింది పారేస్తారా, దాచి ఇంకో పనికి వాడతారా? ఫలితం నాకు చెబుతారా? మధ్యలో మానేయొచ్చా? (మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మీ మామూలు వైద్యం ఆగకూడదు.) చదవడం రానివాళ్లు వేలిముద్ర వేస్తే, పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. పిల్లలకు తల్లిదండ్రుల అనుమతితో పాటు, ఏడేళ్లు దాటితే పిల్లల ఒప్పుదల కూడా కావాలి. "సర్పంచ్ ఒప్పుకున్నారు" అన్న మాట మీ ఒప్పుదలకు బదులు కాదు.

పీహెచ్‌డీకి ఎన్నేళ్లు? కాపీ శాతం నిబంధన ఏమిటి?

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పొడిగింపు వేరే ఉంది, మహిళలకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు అదనపు వెసులుబాటు ఉంది. థీసిస్ ఇవ్వకముందే పేపర్ వేయాలన్న షరతును యూజీసీ తీసేసింది, మీ యూనివర్సిటీ సొంతంగా ఉంచిందేమో చూసుకోండి. 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు దిద్ది ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ సాఫ్ట్‌వేర్ అంకె ఒక్కటే చూసుకుని ధైర్యపడొద్దు. ఇతరుల ఆలోచనను మాటలు మార్చి రాస్తే సున్నా శాతం రావొచ్చు, అది దొంగతనమే.

జర్నల్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

పంపిన మూడు రోజులకే "అంగీకరించాం, డబ్బు కట్టండి" అంటే అది దుకాణం. సంపాదకవర్గంలో ఒకరికి ఈమెయిల్ పెట్టి, మీరు నిజంగా ఉన్నారా అని అడగండి. తన పేరు అక్కడుందని ఆయనకే తెలియకపోవచ్చు. పాత సంచికల్లో మీ రంగం పేపర్లు రెండు చదవండి. చదవదగ్గవి కాకపోతే మీది కూడా అక్కడ పెట్టకండి.

తెలుగులో పరిశోధన రాయొచ్చా?

తెలుగు శాఖల్లో ఎప్పటినుంచో రాస్తున్నారు. చరిత్ర, సామాజిక శాస్త్రాల్లో యూనివర్సిటీని బట్టి ఉంటుంది. సైన్సు జర్నళ్లు ఇంగ్లీషువే. పారిభాషిక పదాలకు 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ నిఘంటువులు ఆధారం, కానీ జనం నోట లేని మాటను బలవంతాన దించొద్దు. ఎలక్ట్రోడ్‌ను ఎలక్ట్రోడ్ అనే రాయండి.

డేటా షీటులో ఎక్కువగా జరిగే తప్పేది?

తెలియని వయసుకు 999 అని వేసి, ఆ సంగతి మరిచిపోయి సగటు తీయడం. వందమందిలో 98 మంది సగటు 35 ఉండి, ఇద్దరికి 999 ఉంటే షీటు చూపే సగటు 54.28. అది నమ్మేలానే ఉంటుంది, అదే ప్రమాదం. తెలియనిదాన్ని ఖాళీగా వదలండి. సగటుకు ముందు ప్రతి కాలమ్‌లో అతి చిన్నదీ, అతి పెద్దదీ చూడండి. మూల ఫైలును ముట్టుకోకుండా నకలు మీదే పనిచేయండి. ల్యాబ్ నోటుపుస్తకమైతే కుట్టిన పుస్తకం, పెన్నుతో రాత. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ. వైట్‌నర్ వద్దు, పేజీ చింపొద్దు.